పచ్చి కామ

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 19:1–10, లూకా 23:26–31



మోషే ధర్మశాస్త్రములో రాజులను గూర్చియు యాజకులను గూర్చియు వ్రాయబడిన అధ్యాయముల నడుమ, పేరులేని మనుష్యులిద్దరు కట్టెలు కొట్టుటకు అడవికి వెళ్లుచున్నారు. వారి మధ్య పగ లేదు. నిన్నటి మాటపట్టింపు కూడ లేదు. ఒకడు చెట్టు నరుకుటకు గొడ్డలి ఎత్తును. ఇనుము కామనుండి ఊడిపోవును. పొరుగువాడు చచ్చును. కథ ఇంతే. ఉద్దేశము లేకుండ జరిగిన హత్యకు ఉదాహరణ చెప్పవలెనన్న, గోడ కూలుట, రాయి జారుట మొదలగునవి ఎన్నియో కలవు గదా! ద్వితీయోపదేశకాండమున ఈ ఊడిన గొడ్డలినే ఏల ఎన్నుకొనిరో నాకు చాలకాలము తెలియలేదు. ఏండ్ల తరబడి వేదాంత విద్యార్థులకు ఈ అధ్యాయమును బోధించితిని. దానిని నిజముగా చదివినది మాత్రము జమ్షెడ్‌పూరులో, ఒక జనవరి నెల ఉదయమున, నా చేతిలో వట్టి కర్ర మిగిలినప్పుడు.

జమ్షెడ్‌పూరు ఇనుముచేత పుట్టిన పట్టణము. 1907లో టాటావారి ఉక్కు కంపెనీ ఏర్పడిన పిమ్మట, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలియు తావునకు చేరువనున్న సాక్చి అను పల్లెలో కర్మాగారము వెలసెను. 1912లో మొదటి ఉక్కు దిమ్మ పోతపోయబడెను. 1919లో జమ్షెడ్జీ టాటా జ్ఞాపకార్థము ఆ ఊరికి నేటి పేరు పెట్టబడెను. శ్రీకాకుళము, విజయనగరము, గంజాము వైపుల నుండి మనవారు తరతరములుగా అక్కడికి పనులకై పోయి స్థిరపడిరి. నేను అనువాదపు పనిమీద అక్కడ నివాసమేర్పరచుకొని, ఒక చిన్న తెలుగు సంఘమునకు కాపరిగా కూడ ఉంటిని.

ఒక వైశాఖమున, అచ్చటివారు కాలవైశాఖి అను గాలివాన కొట్టి, మా ఆవరణములోని గమ్హార్ చెట్టు కూలినది. మన వైపున దీనిని గుమ్మడిటేకు అందురు. దానిని కొట్టి తీయుటకు దల్మా కొండల దాపుననున్న ఒక సంథాలు గ్రామము నుండి వృద్ధుడైన వడ్రంగి వచ్చెను. నేనాయనను దాదా అని పిలిచెడివాడను. మూడు దినములలో కొమ్మలన్నియు నరికి, మ్రానును తుండ్లుగా చేసి, మధ్యాహ్నపు విరామములో ఒక ముక్కను మొద్దుపై నిలిపి, గొడ్డలితోనే గరిటె చెక్కుట మొదలుపెట్టెను. రంపము లేదు, ఉలి లేదు. చెట్టు నరికిన గొడ్డలియే. అది లారీ కమాను పట్టీని ఊరి కమ్మరి కాల్చి సాగదీసి చేసినది. అరగంటలో గరిటె రూపము కర్రలోనుండి బయటికి వచ్చెను. యాబదియేండ్లు దాటిన నేను, గ్రీకు క్రియాపదముల రూపములు తప్ప చేతితో మరియొక పని నేర్వని నేను, ఆ పని నాకు నేర్పుమని అడిగితిని. ఆయన నవ్వి సరే అనెను.

మొదట నాకు గొడ్డలి ఇయ్యలేదు, సానరాయి ఇచ్చెను. రెండు మధ్యాహ్నములు నూరుటతోనే సరిపోయినది. మొద్దుబారిన గొడ్డలియే అపాయకరమని ఆయన మాట: పదునైనది కర్రను కరచి నిలుచును, మొద్దుది జారి మోకాలి మీదికి వచ్చును. ప్రసంగి 10వ అధ్యాయము 10వ వచనములో, ఇనుము మొద్దైనప్పుడు అధిక బలము కావలసివచ్చునని జ్ఞాని చెప్పిన సంగతి నాకప్పుడు భుజములలో అర్థమైనది. తరువాత పట్టు నేర్పెను. గొడ్డలిని కామ చివర పట్టరాదు. ఇనుముకు దగ్గరగా పట్టవలెను. రెండవ చేయి కర్రను పైభాగమున పట్టుకొనవలెను గాని, దెబ్బపడు చోటికి క్రిందుగా ఎన్నడును పోరాదు. ప్రతి దెబ్బయు మొద్దులో ముగియవలెను, గాలిలో కాదు. ముందుగా అడ్డముగా చిన్న చిన్న గాట్లు పెట్టి, పిమ్మట వాటి నడుమనున్న దానిని పేళ్లుగా చెక్కివేయవలెను. కర్ర పోగులు పోవు దిక్కుననే దిగవలెను. ఎదురు వెళ్లినయెడల గొడ్డలి మన గీతను కాదని పోగుల వెంట పరుగెత్తి పనిని చీల్చివేయును.

“బాబూ, బలం మీది కాదు, బరువు గొడ్డలిది. దాన్ని పడనివ్వండి” అని ఆయన హిందీలో దినమునకు పదిమారులు చెప్పెడివాడు.

ఇదంతయు పచ్చికర్రతోనే సాధ్యము. నిన్న పడిన చెట్టు పేడును అరచేతిలో పెట్టుకొనిన చల్లగా తడి తగులును. అప్పుడే కొట్టిన మ్రానులోని నీరు, దాని ఎండుకర్ర బరువులో సగము మొదలుకొని, కొన్ని జాతులలో ఆ బరువును మించి కూడ ఉండును. ఆ తడి ఉన్నంతకాలము కర్ర గొడ్డలికి లొంగును. మొక్కై వంగనిది మానై వంగునా అని మనవారనిన సామెత వంచుటకే గాక చెక్కుటకును చెల్లును. పచ్చి అను మాట మన భాషలో ఎంత లోతైనది! పచ్చికాయ, పచ్చిపుండు, పచ్చి బాలింత. ఇంకను ఆరనిది, ఇంకను నొప్పి గలది, ఇంకను గాలి సోకనీయక కాపాడవలసినది అను అర్థములన్నియు అందులో కలవు. అనువాదకునిగా నేను ఈ మాటకు సరియైన పదము ఇతర భాషలలో వెదకి అలసితిని.

అయితే చెక్కుట ఒక్క గంట పని, ఆరుట నెలల పని. ఇది నేను మొదటి గరిటెతోనే నేర్వవలసినది. అది చక్కగా కుదిరినదని అతిశయపడి, నా భార్యకు చూపుటకై వంటగది కిటికీలో ఎండకు పెట్టితిని. సాయంకాలమునకు దాని గిన్నె అంచు నుండి మెడవరకు నోరు తెరచినది. దాదా దానిని త్రిప్పి చూచి, తప్పు చెక్కుటలో లేదనెను. పచ్చిదానిని నీడలో, దాని పేళ్ల కుప్పలోనే కప్పిపెట్టవలెను. కొసలనుండి నీరు త్వరగా పోవును గనుక తుండ్ల కొసలకు పేడ పూయవలెను. కర్రలోని తడి నూటికి సుమారు 30 వంతులకు దిగువైన తరువాతనే అది ముడుచుకొన నారంభించునని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. పొడవున దాదాపు ముడుచుకొనదు, అడ్డముగా ముడుచుకొనును. అదియు అన్ని వైపుల సమముగా కాదు. గుండ్రముగా చెక్కినది కోలగా మారును. చదువుకొనని దాదాకు ఈ లెక్కలు తెలియవు. లెక్కల వలన కలుగు ఫలితము మాత్రము వ్రేళ్లకు తెలియును.

ఆ భాద్రపదమున నా గొడ్డలి కామ విరిగినది. నాది బజారులో కొన్నది. క్రిందినుండి కామను దూర్చి, పైన చెక్కచీల కొట్టి బిగించు విధమైనది. దాదా పొలముపనులకై ఊరికి పోయి యుండెను. కామకు ధౌరా కర్ర శ్రేష్ఠమని ఆయన చెప్పిన మాట గుర్తుంచుకొని (మన అడవులలో దీనిని చిరుమాను అందురు) ఒక పచ్చి ధౌరా కొమ్మను సంపాదించి, నేర్చిన విద్యనంతయు చూపి కామ చెక్కితిని. అది గట్టి జాతియే గాని, పచ్చిది గనుక వెన్నవలె లొంగినది. కంతలో దూర్చగా వ్రేలి మందము సందైనను లేకుండ బిగిసెను. అంత అందమైన కామ నా జీవితములో చేయలేదు. రెండు నెలలు దానితోనే పని చేసితిని. వర్షములు వెళ్లినవి, కార్తికము వెళ్లినది, పొడిగాలి వచ్చినది.

జనవరిలో ఒక ఉదయము మొద్దు దగ్గర నిలిచి గొడ్డలి ఎత్తితిని. అది దిగుచున్నప్పుడు చేయి ఒక్కసారి తేలికయైనది. ఇనుము ఎక్కడికి పోయెనో నాకు తెలియలేదు. వెనుకనుండి కుండ పగిలిన చప్పుడు వినబడినది. వరండా మెట్టుమీద మంచినీటి కుండ ఉండెను. దానికి మూరెడు దూరమున, ప్రతిదినము నా పని చూచుటకు వచ్చి కూర్చుండు పొరుగింటి బాలుడు, ఏడేండ్లవాడు, నీటిలో తడిసి నావైపు చూచుచుండెను.

వానికేమియు కాలేదు. ఆ వాక్యము వ్రాయుటకు ఈ దినమున కూడ నాకు చేయి వణకుచున్నది.

దాదా వచ్చి, ఊడిన కామను చేతబట్టి, మొద్దుపై తట్టి వినెను. “చేసే వస్తువు పచ్చిదైతే మంచిదే బాబూ. పట్టుకొనే కామ మాత్రం ఎండి ఉండాలి” అనెను. మరేమియు అనలేదు. కంతలో బిగిసినప్పుడు ఆ కర్ర నిండ నీరున్నది. ఆ నీరు పోయి, కర్ర చిక్కి, ఇనుమునకును కర్రకును నడుమ వెండ్రుక మందము సందు ఏర్పడినది. ఆ సందును కన్ను చూడలేదు. విసరు మాత్రము దానిని కనిపెట్టెను.

ఆ రాత్రి ద్వితీయోపదేశకాండము తెరచితిని. హెబ్రీలో ‘ఏత్స్’ అను ఒకే మాటకు చెట్టు అనియు కర్ర అనియు అర్థము. కావున 19:5లో ఇనుము తన కామనుండి ఊడెనా, లేక నరకబడుచున్న చెట్టుకు తగిలి ఎగిరెనా అను సందేహమునకు చోటున్నది. క్రీ.శ. 200 ప్రాంతమున కూర్చబడిన మిష్నాలో, మక్కోత్ అను భాగము రెండవ అధ్యాయమున, యూదా పండితులు దీనిని గూర్చి వాదించిరి. చీలుచున్న చెట్టునుండి ఎగిరినది తగిలి ఒకడు చచ్చినయెడల నరికినవాడు ఆశ్రయపురమునకు పోనక్కర లేదని పెక్కుమంది జ్ఞానులు చెప్పిరి. ఇనుము కామనుండి ఊడి చంపినయెడల మాత్రము వాడు పోవలసినదే అనిరి. రబ్బీ అను బిరుదుగల యూదా వారితో విభేదించి సరిగా దీనికి మారుగా తీర్పు చెప్పెను. నేను పెక్కుమంది పక్షమున నిలుచుచున్నాను. చెట్టు ఏమి చేయునో నరకువాని వశములో లేదు. కామ బిగువు చూచుకొనుట వాని పని. ఇంకొకటి: ఆ వచనములో ఇనుము పొరుగువానిని తాకెనని మనము చెప్పుకొను చోట, హెబ్రీ క్రియకు సామాన్యార్థము ‘కనుగొనుట.’ ఊడిన ఇనుము ఊరక పడదు. అది ఒకనిని కనుగొనును.

ఇప్పుడు చెప్పవలసినది చెప్పుట నాకు కష్టము. అయినను దీనికొరకే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

ఆ ఉదయమునకు ఏడాదిన్నర పూర్వము మా సంఘములో ఒక యౌవనస్థుడు ప్రభువును అంగీకరించెను. ఇరువదినాలుగేండ్లవాడు. పాట ఉన్నది, మాట ఉన్నది, వాక్యమును రాత్రింబగళ్లు చదువు ఆకలి ఉన్నది. ఆరు నెలలైనను గడువకముందే అతనికి యౌవనుల కూటమును, నెలకొక ఆదివారము ప్రసంగపీఠమును అప్పగింపవలెనని పెద్దల సభలో వాదించినవాడను నేనే. ఒక వృద్ధుడైన పెద్ద, “ఇంకొక ఏడాది చూద్దామండి” అనెను. నేను 1 తిమోతి 4:12 ఎత్తి చూపి, యౌవనమును తృణీకరింపరాదని పౌలు ఆజ్ఞాపించెనని చెప్పి, ఆయన నోరు మూయించితిని. అదే పత్రికలో ఒక పుట వెనుకకు, 3:6లో, సంఘములో నూతనముగా చేరినవానిని అధ్యక్షునిగా చేయరాదని వ్రాసిన పౌలును మరచితిని. అచ్చటి గ్రీకు పదము ‘నెయోఫుటోస్’. క్రొత్తగా నాటబడినవాడని దాని ధాత్వర్థము. నాకు తెలియని పదము కాదు. దానిమీద తరగతిలో ఒక గంట మాటలాడగలవాడను. రెండు వచనములకును విరోధము లేదు. తిమోతి యౌవనుడు గాని పచ్చివాడు కాడు. తల్లియొద్ద, అవ్వయొద్ద, పౌలు ప్రయాణములలో ఆరినవాడు. అరువదియేండ్లవాడు పచ్చిగా ఉండవచ్చును. వయస్సుతో దీనికి పని లేదు.

మా సంఘములో ఒక విధవరాలు కలదు. ఆమె కుమారుడు త్రాగుడుకు లోబడి, ఇంటిలోని బంగారము అమ్ముకొని, గుడికి రాక మానివేసెను. ప్రార్థింపవచ్చిన ఈ యౌవనస్థునికి ఆమె ఏడ్చుచు అంతయు చెప్పుకొనెను. అతడును ఆమెతో ఏడ్చెను. అందులో కపటము లేదు. రెండు వారముల తరువాత తప్పిపోయిన కుమారుని గూర్చి ప్రసంగించుచు, ఆ ఇంటి కథను దృష్టాంతముగా చెప్పెను. పేరు చెప్పలేదు. పేరు చెప్పనక్కరలేనంత చిన్నది మా సంఘము. ఆ ఆదివారమున, తల్లి బ్రతిమాలుట వలన, చాల నెలలకు మొదటిసారిగా, ఆ కుమారుడు వెనుక బల్లమీద కూర్చుండి యుండెను. ప్రసంగము ముగియకముందే లేచి వెళ్లెను. మరునాడు ఊరు విడిచెను. మరల రాలేదు.

నేనేమి చేసితిని? యౌవనస్థుని పిలిపించితిని. రహస్యమును బయలుపెట్టుట ఎంతటి పాపమో సామెతల గ్రంథమునుండి వివరించితిని. మూడు పుటల ఉత్తరము వ్రాసితిని. అందులో వచన సంఖ్యలు ఇరువదికి తక్కువ లేవు. అతనిని పనినుండి తొలగించితిని. అతడు సంఘమునకు వచ్చుట మానెను. అతడు పడిపోయెనని సభలో చెప్పి, నా కర్తవ్యము నెరవేరెనని ఇంటికి వచ్చి నిద్రపోతిని.

కుండ పగిలిన వారమున ఆ తల్లి ఇంటికి వెళ్లితిని. నా నోట మాట రాకముందే ఆమె టీ పెట్టెను. ఆ యౌవనస్థుని అవివేకమును గూర్చి నేనేదో మొదలుపెట్టబోగా, ఆమె నన్ను ఆపినది.

“ఆ గుంటడ్ని నానేటీ అనను అయ్యగారూ. ఆడి సేతికి మైకు ఇచ్చినోలెవులు?”

ఆమె కోపముతో అనలేదు. నిజముగా అడిగినది. నేను సమాధానము చెప్పితిని. ఒక పచ్చికర్రను కామగా చేసి, అది బాగుగా లొంగినదని మురిసి, దానికి ఇనుము తొడిగి జనుల మధ్య విసరినవాడను నేనని చెప్పితిని. ఆమె తల ఊపి, టీ చల్లారుచున్నదనెను.

ఆశ్రయపురములు ఆరు: యొర్దానుకు ఈవల కెదెషు, షెకెము, హెబ్రోను, ఆవల బేసెరు, రామోతు, గోలాను. వాటికి పోవు త్రోవలను సిద్ధపరచవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. పరుగెత్తువాడు త్రోవ తప్పరాదు గదా. అయితే మనము సాధారణముగా మరచునది ఏమనగా, ఆశ్రయపురము నిర్దోషి యని విడిచిపెట్టు చోటు కాదు. గొడ్డలి ఊడినవాడు హంతకుడు కాడు. కాని వాడు తన ఇంటికి పోయి మునుపటివలె భోజనము చేయుటకు వీలులేదు. ప్రధానయాజకుడు మృతినొందువరకు అక్కడనే ఉండవలెనని సంఖ్యాకాండము 35:25 చెప్పుచున్నది. ప్రధానయాజకుల తల్లులు ఆశ్రయపురవాసులకు అన్నవస్త్రములు ఇచ్చెడివారని, తమ కుమారుల మరణముకొరకు వారు ప్రార్థింపకుండునట్లు ఆలాగు చేసెడివారని మిష్నాయే చెప్పుచున్నది. ఒకని విడుదలకు వేరొకని మరణము అవసరమని ఆ తల్లులకు తెలియును.

మన ప్రధానయాజకుడు మృతినొందెను. శరణుజొచ్చుటకు పరుగెత్తిన మనకు ఆయనే తెరలోపలికి ముందుగా ప్రవేశించెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములో చదువుచున్నాము. అందుచేత నాకు క్షమాపణ కలదని నమ్ముచున్నాను. కాని ఆమె కుమారుడు తిరిగి రాలేదు. ఈ రెండు సంగతులను కలిపి, మొదటిది చెప్పినంతనే రెండవది సరియైపోయినట్లు ప్రసంగించుట మన బోధకులలో ఒక అలవాటు. నేనును అట్లు ప్రసంగించినవాడనే. ధర్మశాస్త్రములో ఆశ్రయపురము తెరవబడిన దినమున కూడ అడవిలో పడిన పొరుగువాడు లేవలేదు.

ప్రభువు సిలువకు పోవు త్రోవలో యెరూషలేము స్త్రీలతో చెప్పిన మాట (లూకా 23:31) నాకిప్పుడు వేరుగా వినబడుచున్నది. పచ్చి మ్రానుకే ఇట్టిది జరిగినయెడల ఎండినదాని గతి ఏమని ఆయన అడిగెను. అచ్చట గ్రీకులో పచ్చికి వాడబడిన ‘హుగ్రోస్’ అను పదమునకు తడిసినది, నీరుగలది అని అర్థము. పచ్చికట్టెను పొయ్యిలో ఎవరును పెట్టరు. పెట్టి కండ్లు మండించుకొనిన ప్రతి తల్లికి ఆ సంగతి తెలియును. అది కాల్చుటకు కాదు. జీవపు నీటితో నిండిన ఆ ఒక్కని, మంటకు తగని ఆ ఒక్కని మంటలో పెట్టిరి. ఎండిపోయి, మంటకు తగియున్న మనము ప్రక్కన నిలిచితిమి. ‘క్సులోన్’ అను అదే పదమును, అనగా మ్రాను అను పదమునే, అపొస్తలుల కార్యములు 5:30లోను 1 పేతురు 2:24లోను పేతురు సిలువకు వాడెను. పచ్చి మ్రాను ఎండిన మ్రానుపై వ్రేలాడెను.

మరియు ఆయన తొందరపడినవాడు కాడు. మార్కు 6:3 ఆయనను వడ్రంగి యని పిలుచుచున్నది. సమరయలో పుట్టిన జస్టిన్ అను రెండవ శతాబ్దపు హతసాక్షి, యేసు నాగళ్లను కాండ్లను చేసెనని వ్రాసెను. నాగలికి మేడి, ఎద్దు మెడకు కాడి: తడి ఆరనిదానిని రైతుకిచ్చిన వడ్రంగిని ఊరు రెండవసారి పిలువదు. నజరేతులో ఆయన ఏ కర్రను ఎన్ని నెలలు నీడలో పెట్టెనో మనకు వ్రాయబడలేదు. ఆయన తండ్రి ఆయనను దాదాపు ముప్పదియేండ్లు నీడలో ఉంచెనని మాత్రము లూకా 3:23 చెప్పుచున్నది. మిద్యానులో మోషే నలువదియేండ్ల మాట, అరేబియాలో పౌలు మాట ఇక వివరింపనక్కర లేదు.

మన సంఘములు ఎందుకు ఆగలేవు? పల్లెలోనేమి, బొంబాయిలోనేమి, గల్ఫు దేశములలోని మన కూటములలోనేమి, పనివారు కొద్దిమంది, పని ఎక్కువ. ఈ మాట అబద్ధము కాదు. నా గొడ్డలికి కూడ ఆ దినమున కామ కావలసియే యుండెను. విరిగిన కామ పడియుండగా, పని ఆగియుండగా, చేతిలో అందమైన పచ్చికర్ర ఉండగా ఆగుట ఎంత కష్టమో నాకు తెలియును. కాని ఆ కొరత తీర్చుటకై మనము తొందరపడి పీఠమెక్కించిన వారిలో ఎందరు ఏడాదికో రెండేండ్లకో కనబడకుండ పోయిరో, వారి మాట తగిలి ఎందరు వాకిలి దాటి వెళ్లిరో మనలో ప్రతి పెద్దయు తన జ్ఞాపకములో వెదకికొనవలెను. తప్పు కర్రది కాదు. పచ్చిగా ఉండుట కర్రకు పాపము కాదు. అది దాని కాలము. లొంగుటలో ఉన్న ఆ మంచితనమును చెక్కుటకు వాడుకొనక, విసరుటకు వాడుకొన్నవారము మనము.

నేను ఆ యౌవనస్థుని వెదకుచు ఖర్కాయి నది ఆవలనున్న ఆదిత్యపూరుకు వెళ్లితిని. అక్కడ ఒక చిన్న కార్ఖానాలో పని చేయుచుండెను. షిఫ్టు ముగిసి గేటు బయటికి వచ్చి నన్ను చూచి తల వంచుకొనెను. నేను వ్రాసిన ఉత్తరమును గూర్చి క్షమాపణ అడిగితిని. ఉత్తరములోని వచనములు తప్పు కావుగాని, అవి మొదట నాకు రావలసిన ఉత్తరమని చెప్పితిని. అతడు చాలసేపు ఊరకుండెను.

“నాకు మాట్లాడాలని లేదండి అయ్యగారూ” అనెను.

“మాటలాడవద్దు. వచ్చి కూర్చో” అంటిని.

మూడు నెలల తరువాత వచ్చెను. తలుపు దగ్గర, వెనుక బల్లమీద, ఆ కుమారుడు కూర్చున్న చోటనే కూర్చుండెను. అది అతనికి తెలిసియే చేసెనో లేదో నేను అడుగలేదు. ఆరాధన కాగానే వెళ్లిపోవుచుండెను. ఇటీవల చాపలు చుట్టుటకు నిలుచుచున్నాడు. ఒక ఆదివారము ఆ తల్లి అతని చేతిలోని చాప రెండవ కొస పట్టుకొనుట చూచితిని. ఇద్దరును ఏమియు మాటలాడుకొనలేదు. పెద్దల సభలో ఒకరిద్దరు, అతడు తిరిగి వచ్చెను గదా, క్రిస్మసుకు ఒక చిన్న సందేశము ఇప్పింతమా అని అడిగిరి. మునుపు నేను నోరు మూయించిన ఆ వృద్ధుడైన పెద్ద నావైపు చూచెను. నేను ఆయనవైపు చూచితిని. ఇంకను కాదంటిమి.

దాదా పోయిన శీతకాలమున రెండు ధౌరా తుండ్లు కొట్టి తెచ్చి, ఒకటి తానుంచుకొని, ఒకటి నాకిచ్చెను. కొసలకు పేడ పూసి, మా వరండా చూరు క్రింద, ఎండ పడని ప్రక్కన పెట్టెను. వచ్చే శీతకాలము వరకు దానిని గొడ్డలితో తాకవద్దనెను. ఎట్లు తెలియునని అడిగితిని. ఎండిన కర్ర తట్టిన కంచువలె పలుకును, పచ్చిది మట్టివలె పలుకును అనెను. నేను దినమునకొకసారి, ప్రార్థన చేసికొని లేచినప్పుడు, వ్రేలి కణుపుతో దానిని తట్టి వినుచున్నాను. ఈ ఉదయము కూడ మట్టివలెనే పలికినది.